శారమ్మ నమిలి పెట్టిన చెరుకు

ఎడపల్లి చెరుకు కూలీల్లో శారమ్మ పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి ఆమె పళ్ళు. గడ చేతికి అందితే చాలు, కత్తి అడిగేది కాదు. పంటితో తొక్క అంచు పట్టి ఒక్క గుంజు గుంజితే కణుపు దాకా పట్టీలా ఊడి వచ్చేది.

"నిన్ను ఎత్తుకపోయి ఫ్యాక్టరీల పెట్టాలెనే శారీ. మిషన్లు ఆగినా నీ నోరు ఆగదు," అనేది జట్టులోని భీమవ్వ.

"పెట్టున్రి. ముందుగాల నిన్నే పిప్పి జేస్త," అనేది శారమ్మ, ముక్క నములుతూనే.

ఆ పళ్ళతోనే ఆమె పిల్లలను పెంచింది. జొన్నరొట్టె పసివాళ్ళకు మింగుడు పడదు. తల్లి నమిలి, మెత్తగా చేసి, వేలితో తీసి బిడ్డ నాలుక మీద పెట్టాలి. చెరుకు ముక్కైతే పంటితో నలగ్గొట్టి, రసం ఊరుతుండగా బిడ్డకు అందించి, చప్పరించాక పిప్పిని మళ్ళీ తన అరచేతిలో ఉమ్మించుకోవాలి. ఆ ఊళ్ళో అందరూ అలాగే పెంచారు. కానీ శారమ్మకు అందులో ఇంకో పట్టింపు ఉండేది. చిన్నప్పుడు పటేలు పొలంలో దాహమైతే దోసిలి పట్టి వంగి నిలబడాలి, వాళ్ళు పైనుంచి పోస్తారు. చెంబు అంచు చేతికి తగిలిందా, ఆమె చూస్తుండగానే బూడిద పెట్టి తోమేవాళ్ళు. కాలువ తూములు తెరిచి మూసే నీరడి పోశయ్యను చేసుకుని, తనకంటూ ఒక గుడిసె ఏర్పడినప్పుడు శారమ్మ నీళ్ళు తాగడానికి ఒక్కటే చెంబు తెచ్చుకుంది. "మన ఇంట్ల ఎంగిలి అనే మాట లేదు," అని పోశయ్యకు చెప్పింది. మెథడిస్టు చర్చిలో పాస్టరు ప్రభుభోజనపు ద్రాక్షరసం గిన్నె ఒక్కదాన్నే అందరి పెదవులకూ అందించే ఆదివారం ఆమెకు అన్ని ఆదివారాలకన్నా ఇష్టం.

పోశయ్య పోయాక కూడా ఆమె చెరుకు కొట్టడం మానలేదు. పెద్దకొడుకు జయరాజ్ చదువుకుని బోధన్ హైస్కూల్లో సైన్సు సారు అయ్యాడు. కోడలు కమల కోటగిరిలో ప్రైమరీ టీచరు, పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకే రావడం. మనవడు పుట్టాక వాణ్ణి చూసుకోవడానికి శారమ్మ కత్తి చుట్టబెట్టుకుని బోధన్ వచ్చేసింది. పిల్లవాడికి తిమోతి అని పేరు పెట్టారు. పిలిచేది తిమ్ము అని.

జయరాజ్‌కు కొడుకంటే ప్రేమ ఎంతో భయం అంత. వాడు తుమ్మితే కిటికీ మూసేవాడు, కిటికీ మూస్తే గాలాడదేమోనని మళ్ళీ తెరిచేవాడు. నీళ్ళు కాచి చల్లార్చినవే. చేతులు సబ్బుతో కడిగాకే ఎత్తుకోవాలి. ఇంకో మాట కూడా తల్లికి గట్టిగా చెప్పాడు.

"అవ్వా, వానికి నమిలి మాత్రం పెట్టకు. నోట్ల కంటికి కనపడనియి లక్షలుంటయి."

"నువ్వు గట్ల తినే గింతెత్తు పెరిగినవు గదరా."

"నా సంగతి వద్దు. పెట్టనని చెప్పు."

"పెట్టను బిడ్డా," అన్నది శారమ్మ.

అన్న మాట కొన్నాళ్ళు నిలబెట్టుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం తిమ్ము రొట్టె ముక్క గొంతుకు అడ్డం పడి ఉక్కిరిబిక్కిరయ్యాడు. వీపు నిమిరి, ముక్క తీసి, కన్నీళ్ళు తుడిచాక వాడు మళ్ళీ రొట్టెకేసే చెయ్యి చాపాడు. ఇంట్లో ఎవరూ లేరు. శారమ్మ ముక్క నోట్లో వేసుకుని నమిలి వాడి నాలుక మీద పెట్టింది. వాడు నవ్వాడు.

"సారుకు చెప్తనే అవ్వా!"

గోడ సందులో పక్కింటి అజీజా నిలబడి ఉంది. రెండిళ్ళ మధ్య గోడకు ఒకచోట ఇటుకలు రాలి మనిషి పట్టేంత సందు పడింది. అటు అజీజా కోళ్ళు, ఇటు తిమ్ము, ఆ సందులోంచే రాకపోకలు. అజీజా భర్త షరీఫ్‌ది సైకిల్ మరమ్మతు దుకాణం.

"చెప్పు. చెప్పినంక నీ నాలిక కొరుకుత," అంది శారమ్మ.

"అమ్మో, నీ పండ్లకు సలాం! నేనేం సూడలే, నా కోడి సూసింది. దాని నాలిక కొరుక్కో."

ఆ రహస్యం ఇద్దరి మధ్యే ఉండిపోయింది. రొట్టె తర్వాత చెరుకు వచ్చింది. తిమ్ముకు పళ్ళన్నీ వచ్చి, వాడే కొరుక్కు తినగలిగే దాకా అలాగే సాగింది.

పంతొమ్మిది వందల తొంభై రెండులో చక్కెర ఫ్యాక్టరీ సీజన్ మొదలయ్యేటప్పటికి తిమ్ముకు అయిదేళ్ళు. చెరుకు బండ్లు రోడ్డంతా నిండి మెల్లగా కదులుతుంటే వెనక నుంచి గడలు గుంజుకొచ్చే పిల్లల్లో వాడే ముందుండేవాడు. ఒక పొద్దున వాడి కుడి చెంప కొద్దిగా ఉబ్బి కనిపించింది. గవదలని అందరూ అనుకున్నారు. శారమ్మ పసుపూ సున్నం పట్టువేసింది. నొప్పి లేదు, జ్వరం లేదు. వాపు తగ్గకపోగా దవడకు దిగింది. ఒక రోజు కింది పన్ను కదులుతున్నదని తిమ్ము వేలితో ఆడించి చూపించాడు.

"మొగోడు అయితున్నడు మా తిమ్ముగాడు, పాలపండ్లు ఊడుతున్నయి," అని అజీజా నవ్వింది.

జయరాజ్ నవ్వలేదు. వాడి నోట్లోకి టార్చి వేసి చూశాడు. పక్క పన్నూ కదులుతోంది. దాని పక్కదీ కదులుతోంది. అయిదేళ్ళకు దవడ పళ్ళు ఊడవని అతనికి తెలుసు. ఎందుకు కదులుతున్నాయో తెలియదు. మర్నాడు స్కూలుకు సెలవు పెట్టి శారమ్మనూ కొడుకునూ నిజామాబాద్ తీసుకుపోయాడు. ఖలీల్‌వాడిలో బాపురావు అని పిల్లల డాక్టరు. వచ్చిన ప్రతి పిల్లవాడితో పరాచికాలాడే మనిషి. తిమ్ము దవడ కింద వేళ్ళు పెట్టి నొక్కుతూ మధ్యలో మాట ఆపేశాడు. పొట్ట కూడా తడిమి, చేతులు కడుక్కొని వచ్చి, "హైదరాబాద్ పోండ్రి. ఆగొద్దు. రేపే పోండ్రి," అన్నాడు.

హైదరాబాద్‌లో దవడ నుంచి ముక్క తీసి పరీక్షించారు. బర్కిట్ లింఫోమా అన్నారు. తెల్లరక్త కణాల్లో పుట్టే కేన్సర్. కేన్సర్లలో ఇంత వేగంగా పెరిగేవి తక్కువ, అయితే మందుకు ఇంత వేగంగా కరిగేవీ తక్కువేనట. వాపు దవడను దాటలేదు, అది ఒక్కటే ధైర్యం. సెలైన్‌లో మందు ఎక్కిస్తే మొదటి వారంలోనే చెంప అణగడం శారమ్మ తన కళ్ళతో చూసింది. జుట్టు దిండు మీద రాలిపోవడమూ చూసింది. వార్డులో మంచం పక్కన ఒక్కరినే ఉండనిచ్చేవారు. తిమ్ము బాపమ్మ చేతి ముద్ద తప్ప తినడు కాబట్టి ఆ ఒక్కరూ ఆమే. ఇనుప మంచానికీ గోడకూ మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. కిటికీ లోంచి చూస్తే ఇంకో కిటికీ కనిపించేది. జయరాజ్ మాత్రం డాక్టర్ల వెంట తిరిగి, అడిగి, వాళ్ళ పుస్తకాలు చదివి వచ్చేవాడు. వచ్చి ఏమీ చెప్పేవాడు కాదు.

కొన్నాళ్ళకు ఇంటికి పంపారు, మళ్ళీ మళ్ళీ రావాలని చెప్పి. వచ్చిన రెండో రోజు శారమ్మ రొట్టె పిండి పిసుకుతుంటే జయరాజ్ ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"అవ్వా, తిమ్ముగానికి పసితనంల నమిలి పెట్టినవా?"

ఆమె చెయ్యి పిండిలోనే ఆగింది. "ఎందుకురా?"

"ముందు చెప్పు."

"ఎందుకో నువ్వు సెప్పు ముందుగాల."

"ఎప్‌స్టీన్-బార్ అని ఒక వైరస్ ఉన్నదట. ఉమ్మితోని వస్తది, పెద్దోళ్ళ నోట్ల నుంచి పసిపిల్లల నోట్లెకు. వచ్చి తెల్లకణాలల్ల చేరి ఉంటది. గిసొంటి గడ్డలను పరీక్ష చేస్తే లోపల అది దొరుకుతున్నదని రాసిండ్రు. వానికి ఎవరి నుంచి వచ్చిందో నాకు తెలియాలె."

అతను ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. శారమ్మకు ఉమ్మి అన్న మాట దాటి ఏదీ చెవిన పడలేదు. అవును అంటే ఏమవుతుందో కళ్ళకు కట్టింది. ఎడపల్లి బస్సు, ఒళ్ళో మూట, కిటికీ ఊచలు పట్టుకుని నోరు తెరవని తిమ్ము. వాడిప్పుడు నాలుగు బుక్కలు తినడమే గగనం. అవి కూడా ఈ చేత్తోనే.

"లేదు బిడ్డా. నువ్వు వద్దన్నవు గదా," అంది.

కమల గిన్నెలు సర్దుతూ అత్తకేసి చూసింది. చూసి మళ్ళీ గిన్నెలకేసే తిరిగింది.

జయరాజ్ లేచి గోడ సందు దగ్గరికి పోయాడు. శారమ్మ వెనకాలే పోయింది, పిండి చేతులతో.

"అజీజా ఆపా, మా వాడు మీ ఇంట్ల తినేటోడా? మీ పిల్లలతోని?"

"తినేటోడు సార్. అందరం ఒక్క తలె సుట్టు కూసొని అండ్లనే తింటం. వాడొస్తే వాడు గూడ. దాచేదేమున్నది?"

"మీ నోట్లెకెళ్ళి తీసి పెట్టేదా వానికి?"

అజీజాకు ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమైంది. జయరాజ్ భుజం మీదుగా శారమ్మను చూసింది. శారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అజీజా కళ్ళు ఒక్క క్షణం అక్కడే ఆగాయి.

"పిల్లలున్న ఇంట్ల ఏది ఎవరి నోట్లెకు పోయిందో ఎవరు సూస్తరు సార్," అంది.

ఆ మాటను జయరాజ్ ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ఆ సాయంత్రమే ఒక రేకు తెచ్చి సందుకు అడ్డంగా మేకులు కొట్టాడు. లోపల తిమ్ము కోళ్ళ కోసం ఏడుస్తుంటే అటువైపు కోళ్ళు రేకును ముక్కుతో పొడిచాయి.

అప్పటి నుంచి శారమ్మకు ఆ ఇంట్లో మెసలడం చేతకాలేదు. మందు ఎక్కించి వచ్చినప్పుడల్లా తిమ్ము నోరంతా పుండ్లయ్యేది. చల్లారిన గంజి చెంచాతో పోస్తుంటే తన ఊపిరి వాడి మీద పడుతుందని ఆమె ముక్కూ నోరూ కలిపి కొంగు కట్టుకునేది.

"దొంగోని లెక్క ఉన్నవు బాపమ్మా," అని తిమ్ము పుండ్ల నోటితోనే నవ్వేవాడు.

"అవు బిడ్డా, దొంగనే," అనేది ఆమె.

చర్చికి పోయినా గిన్నె తన దగ్గరికి వచ్చే ముందే లేచి వచ్చేసేది. జయరాజ్‌కు చెప్పాలని రోజూ అనుకునేది. చెబితే తిమ్ము దూరమవుతాడు. చెప్పకుంటే రేకు కళ్ళముందు ఉంటుంది. కొడుకు స్కూలు నుంచి రాగానే ముందు తిమ్ము దవడ కింద వేళ్ళు పెట్టి తడిమేవాడు. ఆ వేళ్ళు ఆగే దాకా ఆమె చేతిలో పని ముందుకు సాగేది కాదు.

వీధి చివర బోరింగు దగ్గర ఒక పొద్దున ఆమె చూసింది. అజీజా బిందె పెట్టగానే పక్కనున్న హన్మవ్వ తన బిందెను జరుపుకుంది. ఇంకొకామె, "నువ్వు ఆగు, మేం పట్టుకున్నంక నువ్వు పట్టుకో," అంది. అజీజా బిందె తీసుకుని వెనక్కి జరిగింది. వాళ్ళు పోయాక ఆమె బోరింగు కొడుతుంటే శారమ్మ దగ్గరికి పోయింది.

"ఏందిది అజీజా?"

"ఏముంది అవ్వా. సారు దారి మూసిండంటే ఊకనే మూస్తడా, సదువుకున్నోడు అంటున్నరు. మా ఇంట్ల ఏదో అంటురోగం ఉన్నదట. షరీఫ్ దుకాణంల కుండ నీళ్ళు ఎవరు తాగుతలేరు. పిల్లలను ఆటకు పిలుస్తలేరు."

"నా పేరు సెప్పకపోయినవా?"

"చెప్తే నిన్ను ఎడపల్లి తోలుతుండె. పోరడు ఎవరి చేతిల తింటడు? నాదేం పోయింది, ఓ రేకు అడ్డమాయె అనుకున్న. గింత దూరం వస్తదనుకోలే." అజీజా బిందె చంకన పెట్టుకుంది. "మా చిన్నది అడుగుతున్నది, అమ్మీ, నా నోరు గలీజా అని. దానికేం చెప్పాలె అవ్వా?"

పటేలు ఇంటి చెంబు, బూడిద, తోముడు చప్పుడు అన్నీ ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చాయి. వాటిని తన ఇంట్లోకి రానివ్వనని గుడిసె కట్టుకున్ననాడు అనుకుంది. తన ఇంటి రేకు చాటు నుంచే అవి వీధిలోకి పోయాయి.

మర్నాడు కమల సెలవు పెడితే తిమ్మును ఆమె దగ్గర వదిలి, నిజామాబాద్‌లో చుట్టాల దగ్గరికని చెప్పి బస్సెక్కింది. బాపురావు ఆస్పత్రిలో పిల్లలనెత్తుకున్న తల్లుల మధ్య ఒట్టి చేతులతో కూర్చుంది. పిలవగానే లోపలికి పోయి నిలబడే చెప్పింది. "సారూ, తిమోతి బాపమ్మను. వానికి ఆ రోగం నా ఎంగిలితోనే వచ్చిందా? ఉన్నది ఉన్నట్టు సెప్పున్రి."

బాపురావు కుర్చీ చూపించాడు. "కూసో ఆయీ. మీ ఊళ్ళె కాలువ ఉన్నదా?"

"ఉన్నది. మా ఆయన నీరడి."

"అయితే నీకు చెప్పుడు సులువు. ఒంట్ల ప్రతి కణంల 'పెరుగు' అని చెప్పే జీన్ ఒకటి ఉంటది. పొలం అనుకో. దానికి తూము ఉంటది. అక్కరున్నప్పుడు తెరుచుకుంటది, మళ్ళ మూసుకుంటది. ఇగ తెల్లకణాలల్ల కొన్ని కావలి కణాలు. రోగాలు ఎన్ని తీర్లు ఉంటయో వాటికి అన్ని తీర్ల ఆయుధాలు కావాలె. అందుకని ఏం చేస్తయంటే, తమ జీన్లనే ముక్కలు కోసి కొత్త వరుసల అతికించుకుంటయి. నీల, నాల, అందరిల నడిచే పనే అది. ఆ ఆయుధం జీన్ల దగ్గర కాలువ ఎప్పుడూ నిండ పారుతది. పారాలె గూడ. తిమోతి ఒంట్ల ఏమైందంటే, ఎక్కడో ఒక్క కణంల అతుకు తప్పింది. 'పెరుగు' అనే జీన్ తెగి వచ్చి, ఆ నిండ పారే కాలువ ఒడ్డున అతుక్కున్నది."

"అంటే దానికి తూము లేదు," అంది శారమ్మ.

"లేదు. ఇగ పెరుగుడే. ఆ ఒక్క కణం రెండు, రెండు నాలుగు. మనం ఎక్కించే మందు వాటిని చంపుతున్నది."

"మరి నా ఎంగిలి సంగతి?"

"ఆ వైరస్ నా ఒంట్ల ఉంటది, నీ ఒంట్ల ఉంటది. బయట కూసున్న తల్లులల్ల లేనోళ్ళను వెతకాలె. మన దగ్గర పసితనంలనే వచ్చి పోతది, వచ్చినట్టు గూడ తెలియదు. పోతది అంటే పోదు, ఆ కావలి కణాలల్లనే జిందగీ అంత పండుకొని ఉంటది."

"అయితే దానికి దీనికి సంబంధం లేదు," అంది శారమ్మ ఆశగా.

బాపురావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేదని అబద్ధం చెప్పను ఆయీ. అది ఆ కణాలను తొందరగ చావనియ్యదు, ఎక్కువ చేస్తది. ఎక్కువైతే అతుకు తప్పే మోఖా గూడ ఎక్కువ. ఆఫ్రికాల మలేరియా జ్వరాలు గూడ తోడైతయి అంటరు. మన దగ్గర ఏది ఎంతో నాకు తెలియదు. కానీ వైరస్ ఉన్న పిల్లలు లక్షలు, అతుకు తప్పింది ఎవరో ఒక్కనికి. వానికే ఎందుకు అంటే జవాబు లేదు. ఎవరి నోట్ల నుంచి వచ్చిందంటే అసలే లేదు. నువ్వు పెట్టకుంటే ఇంకొకరి గ్లాసుల నుంచి వచ్చేదే."

తిరుగు బస్సులో శారమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నువ్వే అని ఉంటే ఏడ్చేది. నువ్వు కాదు అని ఉంటే ఇంటికి పోయి కంటినిండా పడుకునేది. డాక్టరు రెండూ అనలేదు. తెలియనిది తెలిసినట్టు ఆయన చెప్పలేదు కాబట్టి కోపం కూడా రాలేదు. ముందు చెరుకు ట్రాక్టరు ఉంది, బస్సు దాన్ని దాటలేక దాని వెనకే బోధన్ దాకా పాకింది. ఆ ప్రశ్నతో తను బతికినన్నాళ్ళూ ఇలాగే పోవాలని ఆమెకు అర్థమైంది. కానీ రేకు అట్లా కాదు. దాన్ని కొట్టించింది తన అబద్ధం. అందులో తెలియనిదేమీ లేదు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ట్రంకు అడుగు నుంచి చెరుకు కత్తి తీసింది. రేకు అంచు కింద కత్తి దూర్చి మేకులు పెకలిస్తుంటే జయరాజ్ సైకిల్ దిగి వచ్చాడు.

"ఏం జేస్తున్నవు అవ్వా?"

"రేకు తీస్తున్న. అజీజా కాదురా, నేను. రొట్టె నమిలి పెట్టిన, సెరుకు నమిలి పెట్టిన. నువ్వు వద్దన్నంక గూడ పెట్టిన. అడిగితే అబద్ధమాడిన. అజీజాకు అన్నీ ఎర్కే. నా పేరు సెప్పలే."

చెప్పేసి ఆగింది. జయరాజ్ సైకిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అరుస్తాడనుకుంది. అతను సైకిల్ గోడకు ఆనించి, రాలిన ఇటుకల మీద కూలబడ్డాడు.

"డాక్టర్ సాబ్ దగ్గరికి పోయొచ్చిన," అంది ఆమె. "అది అందరిల ఉంటదట గదా."

"నాకు తెలుసు అవ్వా."

"ఏం తెలుసు?"

"అందరిల ఉంటదని. నాల గూడ ఉంటదని. నాకు నువ్వు నమిలి పెట్టలే? వానికి నేను ముద్దులు పెట్టలే? హైదరాబాద్‌లనే చదివిన అదంత."

"తెలిసి ఈ రేకెందుకు కొట్టినవురా?"

జయరాజ్ కాలి దగ్గరి ఇటుక ముక్కను పక్కకు జరిపాడు. "మందు డాక్టర్ ఎక్కిస్తడు. సూది నర్సు పొడుస్తది. బుక్క నువ్వు పెడ్తవు. నేనేం జెయ్యాలె? చదువుకున్నదంత లోపల తిరుగుతున్నది, ఒక్కటి అక్కరకు రాదు. ఏదో ఒకటి మూయాలనిపించింది. మూసిన."

శారమ్మ కత్తి కింద పెట్టింది. "నన్ను ఎడపల్లి తోలుతవా?"

అతను లేచి లోపలికి పోయాడు. కమల చల్లార్చి పెట్టిన గంజి గిన్నె తీసుకుని తిమ్ము మంచం మీద కూర్చున్నాడు. శారమ్మ గడప ఇవతలే నిలబడింది. జయరాజ్ చెంచా పెట్టాడు. తిమ్ము పెదాలు బిగించాడు. "నా బంగారం గదా, ఒక్కటి," అన్నాడు. తిమ్ము గోడకేసి తిరిగాడు. ఇంకోసారి పెట్టాడు. గంజి వాడి గదవ మీదుగా కారింది. జయరాజ్ దాన్ని తుడిచి, తల ఎత్తకుండానే గిన్నెను గడపకేసి చాచాడు.

శారమ్మ లోపలికి వచ్చి గిన్నె అందుకుంది. అలవాటుగా కొంగు నోటికి కట్టుకోబోయింది.

"అది వద్దత్తమ్మా, వాడు భయపడ్తున్నడు," అంది కమల.

గంజి అయ్యాక బయట మేకులు ఊడే చప్పుడు వినిపించింది. జయరాజ్ రేకును పూర్తిగా విప్పి చేతిలో పట్టుకుని సందులో నిలబడ్డాడు. అటువైపు అజీజా నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచో.

"ఆపా..." అన్నాడు.

"రేకు మంచిగున్నది సార్," అంది అజీజా. "ఇటియ్యి, కోళ్ళ గూటి మీదికి అక్కరకొస్తది. ఇగ రేపు నువ్వే బోరింగు కాడికి వచ్చి మా బిందెల నీళ్ళు తాగు, అందరు సూస్తుండంగ. నీ మాట అయితే వింటరు."

మర్నాడు బడికి పోయే ముందు సైన్సు సారు బోరింగు దగ్గర సైకిల్ ఆపి, అజీజా బిందె వంచి దోసిలితో తాగాడు. హన్మవ్వ చూసింది. తన బిందెను దగ్గరికి జరపలేదు గానీ, ఇంకా దూరం కూడా జరపలేదు.

తర్వాతి సీజన్ నాటికి మందు ఎక్కించడం అయిపోయింది. తిమ్ముకు జుట్టు మళ్ళీ మొలిచింది, ముందుకన్నా ఒత్తుగా. కుడివైపు కింది పళ్ళు కొన్ని లేవు, నవ్వితే అక్కడ గుంట కనిపిస్తుంది. రెండేళ్ళు గడవాలి అన్నారు హైదరాబాద్‌లో, గడిస్తే ఇక భయం తక్కువని. గడిచే దాకా ఇంట్లో అందరూ ఒక ఊపిరి లోపలే దాచుకుని తిరుగుతున్నారు. జయరాజ్ పొద్దునా సాయంత్రమూ కొడుకు దవడ కింద వేళ్ళు పెట్టి తడుముతాడు. శారమ్మ ఏ పని చేస్తున్నా ఆ వేళ్ళనే చూస్తుంది. ఆ ఏడు ఆమె ముందు పళ్ళు కూడా ఊడిపోయాయి.

ఒక సెలవు నాడు అందరూ వాకిట్లో ఉండగా తిమ్ము బండి వెనక నుంచి గడ గుంజుకొచ్చాడు. షరీఫ్ ముక్కలు నరికి ఇచ్చాడు. తిమ్ము ఎడమవైపు పళ్ళతో నములుతూ వచ్చి బాపమ్మ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు తినవా?"

"పండ్లు లేవు బిడ్డా."

తిమ్ము ఆమె నోటికేసి చూశాడు. ఒక ముక్క పంటి కింద పెట్టి నలగ్గొట్టి, రసం కారుతుండగా నోట్లోంచి తీసి ఆమె పెదాల దగ్గర పెట్టాడు.

శారమ్మ నోరు తెరవలేదు. కొడుకును చూసింది. జయరాజ్ చెయ్యి ముందుకు రాబోయి ఆగిపోయింది.

"తిను అవ్వా," అంది అజీజా సందులోంచి. "బాపమ్మ పండ్లు మనుమనికి బదిలీ అయినయి."

ఎవరో నవ్వారు. జయరాజ్ నవ్వలేదు. తల మాత్రం కొంచెం ఊపాడు.

ఆమె నోరు తెరిచింది. చెరుకు తియ్యగా ఉంది, వెచ్చగా ఉంది. చిగుళ్ళతో నొక్కి రసం మింగుతూ మళ్ళీ అటే చూసింది. జయరాజ్ ఈలోపే వంగి కొడుకు దవడ కింద వేళ్ళు పెట్టాడు. వేళ్ళు మెల్లగా ఒక చివర నుంచి ఇంకో చివరకు జరుగుతున్నాయి. అవి ఆగే దాకా ఆమె పిప్పిని నోట్లోనే ఉంచుకుంది.